భూటాను ద్వారము: మహమ్మారి కాలమున ఒక చిన్న రాజ్యపు చరిత్ర

పశ్చిమ బెంగాలునకు ఉత్తరపు కొసయందు జైగావ్ అను చిన్న పట్టణము కలదు. దాని వీథివెంట పోవుచుండగా ఒకచోట రంగుల చిత్తరువులతో అలంకరింపబడిన పెద్ద ద్వారము కనబడును. ద్వారమునకు ఈవల జైగావ్, ఆవల ఫుంత్షోలింగ్. ఈవల భారతదేశము, ఆవల భూటాను. రెండు పట్టణముల నడుమ మహానది లేదు, పర్వతము లేదు. 2020 మార్చివరకు ప్రతిదినము తెల్లవారగనే ఈవలనుండి కూలివారు, తాపీపనివారు, దుకాణముల గుమాస్తాలు ఆవలికి పోయి, ప్రొద్దు గూకువేళకు మరలివచ్చుచుండిరి. ఆవలివారిలో అనేకులు అద్దె చవుకయని ఈవలనే కాపురముండి, కొలువులకు ఆవలికి పోవుచుండిరి. భూటాను భుజించు బియ్యములోను, పప్పులోను, ఉల్లిలోను, వంటనూనెలోను పెద్దభాగము ఈ దారినే పోవును. ఆ దేశపు నాణెమైన ఙుల్ట్రమునకును మన రూపాయికిని విలువ సమానమే. ఏ చేతినుండి ఏ నోటు వచ్చినను దుకాణదారు కాదనడు.

భూటాను అనగానే మంచుకొండలచే చుట్టబడి, పరులెవ్వరును చొరరాని రాజ్యమని తలచుట పరిపాటి. ఉత్తరదిక్కున అది నిజమే. దక్షిణమున మాత్రము అస్సాము, పశ్చిమ బెంగాలుల వెంబడి, తూర్పున అరుణాచల ప్రదేశముతోను, పడమట సిక్కిముతోను కలిసి, సుమారు 700 కిలోమీటర్ల పొడవున భారతదేశముతో సరిహద్దు కలదు. అందు అధికభాగము అడవి. అడవిలో కాలిబాటలున్నవి, ఏనుగుల బాటలున్నవి. కావున 2020లో కోవిడ్ మహమ్మారి లోకమంతయు వ్యాపించినపుడు ఆ దేశమునకు కొండలు చేసిన సాయము స్వల్పము. ఫుంత్షోలింగ్ ద్వారమును మూయుట, మూసిన దానిని రెండున్నర సంవత్సరములు మూసియే యుంచుట, తుదకు తెరచుట, ఈ మూడింటియందే ఆ కాలపు భూటాను చరిత్ర చాలవరకు ఇమిడియున్నది.

దేశము చిన్నది. 2017 జనాభా లెక్కల ప్రకారము అచ్చట లెక్కింపబడినవారు 7,35,553 మంది. మన జిల్లాలలో ఒక మోస్తరు దానికి గల జనసంఖ్యకంటె తక్కువ. విస్తీర్ణము 38,394 చదరపు కిలోమీటర్లు. 20 జిల్లాలు. వానిని వారు జొంగ్‌ఖాగులందురు. 1960 దశకమునకు పూర్వము మోటారు నడువదగిన రోడ్డు అచ్చట లేదు. 1958లో నెహ్రూ పండితుడు ఆ దేశమును దర్శింపబోయినపుడు కనుమలు దాటి, గుఱ్ఱముపైనను కాలినడకను పోవలసివచ్చెను. 1961లో మన సరిహద్దు రహదారుల సంస్థవారు ‘దంతక్’ అను పేర పని ప్రారంభించిన తరువాతనే ఫుంత్షోలింగ్ నుండి రాజధానియగు థింఫూకు దారి ఏర్పడినది. ఆ దారినే దేశమునకు వైద్యము వచ్చినది, చదువు వచ్చినది. అరువదేండ్లకు వ్యాధి రాదగిన దారియు అదే అయినది.

మహమ్మారి ముంచుకొనివచ్చునాటికి దేశమంతటికిని వైద్యుల సంఖ్య 337 మాత్రమే. ప్రాణాపాయస్థితిలోనున్న రోగుల చికిత్సయందు ప్రత్యేకశిక్షణ పొందినవాడు వారిలో ఒక్కడే. వ్యాధిని నిర్ధారించు పి.సి.ఆర్. యంత్రమును ఒక్కటే. ఇట్టి దేశమున వ్యాధి ఒక్కమారు ప్రజలలో పాకినచో ఆసుపత్రులు రెండువారములైనను నిలువజాలవు. ఈ సంగతి పాలకులకు ఎవ్వరును చెప్పనక్కరలేకపోయెను. ప్రధానమంత్రి లోటే షెరింగ్ స్వయముగా శస్త్రవైద్యుడు. 2018లో ప్రధానియైన పిమ్మటను శనివారములందు ఆసుపత్రికి పోయి శస్త్రచికిత్సలు చేయుచుండెడివాడు. విదేశాంగమంత్రి తండి దోర్జీ పిల్లల వైద్యుడు. ఆరోగ్యమంత్రి దెచెన్ వాంగ్మో అంటువ్యాధుల వ్యాప్తిని గూర్చి విదేశమున విద్యనభ్యసించిన స్త్రీ. యుద్ధకాలమున సేనానులే మంత్రులుగా నుండుట చరిత్రలో అరుదు కాదు. అంటువ్యాధి కాలమున వైద్యులే మంత్రులుగా నుండుట మాత్రము అరుదు. అది ముందుచూపుతో ఏర్పరచుకొన్నది కాదు, కాకతాళీయముగా కలిసివచ్చిన అదృష్టమనియే చెప్పవలెను.

2020 మార్చి 2వ తేదీన గౌహతినుండి పారో విమానాశ్రయమునకు ఒక వృద్ధ అమెరికా యాత్రికుడు వచ్చెను. మూడుదినములకు అతడు జబ్బుపడగా, 5వ తేదీ రాత్రి పరీక్షలో కోవిడ్ అని తేలెను. ఆ రాత్రియే అధికారులు అతడు ఎక్కిన విమానములోని వారిని, బసచేసిన విడుదులలోని వారిని, కారు తోలినవానిని, దారిచూపినవానిని వెదకుట ప్రారంభించిరి. ఆరుగంటలకు కొంచెము మించిన వ్యవధిలో సుమారు 300 మందిని గుర్తించి వేరుపరచిరి. మరునాడే విదేశ యాత్రికుల రాకను నిలిపివేసిరి. యాత్రికుల రాకడ ఆ దేశమునకు జలవిద్యుత్తు తరువాత ముఖ్యమైన విదేశీ ఆదాయమని గుర్తుంచుకొనిన గాని ఆ ఉత్తరువుయొక్క బరువు తెలియదు. రోగి స్థితి విషమింపగా అచ్చటి వైద్యులు కృత్రిమశ్వాసపై నుంచి అతనిని కాపాడి, 13వ తేదీన ప్రత్యేక విమానమున స్వదేశమునకు పంపిరి. అతడు బ్రతికి బయటపడెను. ఉన్న కొద్ది సాధనములతో వారు చేసిన చికిత్సను అమెరికా వైద్యులు సయితము మెచ్చుకొనిరి.

మార్చి 22వ తేదీన రాజు జిగ్మే ఖేసర్ నమ్గ్యేల్ వాంగ్చుక్ ప్రజలనుద్దేశించి ప్రసంగించెను. మరునాటినుండి భూసరిహద్దులన్నియు మూయబడెను. సరకుల లారీలకు తప్ప ద్వారము తెరచుకొనుట లేదు. ఆ లారీలుకూడ సరిహద్దుకడనే సరకు దింపి మరలిపోవలెను, లేదా డ్రైవరు మారవలెను. జైగావ్‌లో కాపురమున్న భూటానీయులను ప్రభుత్వము వెనుకకు పిలిచెను. వారికి ఫుంత్షోలింగ్‌లో ఇండ్లు దొరకవు. అమో ఛూ నదీతీరమున వరుసగా తాత్కాలికపు గృహములు లేచెను. మన కూలివారిలో అనేకులు తమ యిండ్లకు మరలిపోయిరి. వారితోనే నిర్మాణపు పనులును, జలవిద్యుత్ ప్రాజెక్టుల పనులును చాలభాగము కుంటుపడెను. ఆ దేశమున మేస్త్రీ, వడ్రంగి, కమ్మరి పనులెంతవరకు పొరుగువారి చేతులపై ఆధారపడియున్నవో ద్వారము మూసిన పిమ్మటగాని వారికే పూర్తిగా తెలియలేదు. యాత్రికులకు దారిచూపెడి యువకులు తాపీ పట్టి గోడలు కట్టుట నేర్చుకొనసాగిరి.

ద్వారమును మూయుట ఒక ఉత్తరువుతో ముగియును. మూసియుంచుటకు ధనము కావలెను. ఈ విషయమును భూటాను ప్రభుత్వము మొదటనే గ్రహించినట్లు కనబడును. విదేశములనుండి మరలివచ్చు ప్రతివాడును మొదట 14 దినములు, మార్చి నెలాఖరునుండి 21 దినములు, క్వారంటైనులో నుండవలెను. లోకమున అనేకదేశములు 14 దినములతో సరిపెట్టుకొనగా వీరు మరియొక వారము చేర్చిరి. అయితే ఆ 21 దినముల బస, భోజనము ప్రభుత్వపు ఖర్చే. యాత్రికులు లేక ఖాళీగా పడియున్న హోటళ్లను అందుకు వాడుకొనిరి. హోటలువానికి కొంత బాడుగ, వచ్చినవానికి ఉచితమైన గది. తనకు జబ్బు ఉన్నదేమో అన్న అనుమానము గలవాడు దానిని దాచుటకు ముఖ్యకారణము ఖర్చును, జీతనష్టమును. ఆ రెండు భయములను తొలగించినచో మనిషి తనంతట తానే వచ్చి చెప్పును.

జీతము పోయినవారికి ఏప్రిల్ మాసమున రాజు తన పేర ఒక సహాయనిధి ప్రారంభించెను. ‘కిడూ’ అనునది ఆ దేశమున ప్రాచీనమైన ఆచారము. ఆపన్నుడు నేరుగా రాజునకు మొరపెట్టుకొనును, రాజు ఆదుకొనును. ఆ పాత ఆచారమునకే కొత్త రూపమిచ్చి, పని పోయినవారికి నెలకు 12,000, జీతము తగ్గినవారికి 8,000 ఙుల్ట్రములవంతున బ్యాంకు ఖాతాలలో వేయుచు వచ్చిరి. అప్పులపై వడ్డీలు కొన్నినెలలు మాఫీ చేసిరి. రాజాజ్ఞ గల దేశమగుటచే ప్రజలు లోబడిరని పరదేశములవారు తేలికగా చెప్పుచుందురు. ఆజ్ఞ ఒక్కదానితో ఆకలి ఆగదు. ఆజ్ఞతోపాటు నెలనెలకు సొమ్మును వచ్చుచుండుటచే మాట చెల్లినది.

సరిహద్దునకు కాపలా కావలెను. అంత సైన్యము ఆ దేశమునకు లేదు. 2011లో రాజు స్థాపించిన ‘దేసూంగ్’ అను స్వచ్ఛందసేవాదళము అప్పుడు ముందుకు వచ్చెను. ఆ మాటకు శాంతిరక్షకులని అర్థము. నారింజరంగు దుస్తులు ధరించిన ఈ యువతీయువకులు వేలసంఖ్యలో చేరి శిక్షణపొంది, అడవిలో వెదురుగుడిసెలు వేసికొని, జలగల నడుమ, వానలలో, ఏనుగుల భయముతో రాత్రులు గడపిరి. పట్టణములలో కూరలు, మందులు ఇంటింటికి చేరవేసినవారును వీరే. వీరిలో ఉద్యోగము పోయిన హోటలు పనివారు, విమానసేవికలు, చదువు ముగించి పనికొరకు వేచియున్న పట్టభద్రులు, సన్న్యాసదీక్ష వదలినవారు, ఇట్లు అన్ని తరగతులవారును ఉండిరి.

ఈ కాపలాకు పెద్ద తలనొప్పి పొగాకు. భూటాను 2004లో పొగాకు అమ్మకమును నిషేధించిన దేశము. లోకమంతయు ఆ నిషేధమును కొనియాడెను. కాని పొగత్రాగువారు మానలేదు. సరకు ఈవలనుండి దొంగతనముగా పోవుచుండెను. మామూలు కాలమున అది సుంకపు అధికారుల సమస్య. మహమ్మారి కాలమున, అడవిదారిన ఒక బస్తా దాటించు మనిషి వ్యాధినికూడ దాటింపగలడు. కావున 2020 ఆగస్టులో ప్రభుత్వము ఆ నిషేధమును తాత్కాలికముగా ఎత్తివేసి, సర్కారు దుకాణములలో సిగరెట్టు అమ్మ సాగించెను. బౌద్ధరాజ్యమునకు అది సుఖమైన నిర్ణయము కాదు. మరుసటి సంవత్సరము చట్టమునే సవరించిరి. ఒక కీడును వారించుటకు మరియొక కీడును సహించుట రాజ్యపాలనలో తరచు జరుగునదే. దానిని దాచక బహిరంగముగా చేయుట మాత్రము అంత తరచు జరుగదు.

అయిదునెలలు దేశములోపల వ్యాధి పాకలేదు. దొరికినవారందరును క్వారంటైనులో దొరికినవారే. 2020 ఆగస్టు 10న గెలెఫూలో, కువైట్ నుండి మరలివచ్చి క్వారంటైను ముగించుకొని, పలుమారులు పరీక్షలో వ్యాధి లేదని తేలిన ఒక స్త్రీకి మరియొక పరీక్షలో వ్యాధి యున్నట్లు తెలియవచ్చెను. ఆమె ఆలోగా పలుచోట్లకు పోయియుండెను. మరునాడు దేశమంతటను మొదటి లాక్‌డౌను. దాదాపు మూడువారములు ఎవరియింట వారుండిరి. విచిత్రమేమన, ఆమె వలన వ్యాధి వ్యాపింపలేదు. ఆ హడావుడిలో చేసిన పరీక్షలలో ఫుంత్షోలింగ్ సరకుల రేవునందు, అనగా లారీలనుండి సరకు దింపు ‘మినీ డ్రై పోర్టు’లో, బరువులు మోయు కూలీలలో వ్యాధి బయటపడెను. మనుష్యులకు మూసిన ద్వారమున మూటలతో అది లోపల ప్రవేశించినది.

ఆనాటినుండి దక్షిణపు పట్టణములు ఒక విధమైన వెలివాడలైనవి. దక్షిణమునుండి థింఫూకు పోవలెనన్న ఎవ్వరికైనను ఏడుదినముల క్వారంటైను తప్పదు. తల్లి జబ్బుగా నున్నను, పెండ్లియైనను, ఉద్యోగమైనను ఇంతే. దేశమును కాపాడు గోడ ఫుంత్షోలింగ్ వారి ముందు కాక, వారి వెనుక లేచినది. మొదటినుండియు ఆ పట్టణమువారు సహించిన కష్టమును గూర్చి పొగడ్తల గ్రంథములలో అంతగా కనబడదు. 2021 ఏప్రిల్ నడుమ అచ్చట మొదలైన లాక్‌డౌను నెలల తరబడి సాగెను. దుకాణములు మూతబడెను, కిరాయిలు బాకీపడెను. దేశమున మిగిలిన భాగమువారు పండుగలు చేసికొనుచున్న దినములలో ఆ పట్టణమున కుటుంబమునకు ఒక్కరు చొప్పున చీటీ చూపి, నిర్ణీత సమయమున, తమ వాడలోని దుకాణమునకు మాత్రమే పోయి రావలసియుండెను.

2020 డిసెంబరు 20న థింఫూలోను, 23న దేశమంతటను రెండవ లాక్‌డౌను వచ్చెను. చలికాలము. పట్టణమును వాడలుగా విభజించి చీటీలు పంచిరి. 2021 జనవరి 7న థింఫూలోని జాతీయ ఆసుపత్రిలో, అదివరకే దీర్ఘరోగముతో బాధపడుచుండిన ఒక యువకుడు మరణించెను. అది దేశమున కోవిడ్ వలన తొలి మరణము. మొదటి రోగి దొరికిన పదినెలలకు.

పదమూడు దినములు గడచినవి. జనవరి 20న పూనా నగరమున తయారైన కోవిషీల్డు టీకాలు 1,50,000 భారతదేశము కానుకగా పారోలో దిగెను. భారతదేశము ఇతరదేశములకు పంపిన తొలి టీకాలు ఇవియు, అదే దినమున మాల్దీవులకు చేరినవియు. లోకమంతయు టీకాకొరకు పోట్లాడుచుండగా భూటాను వచ్చిన టీకాలను రెండునెలలు పెట్టెలలోనే ఉంచెను. పరదేశపు పత్రికలు ఆశ్చర్యపడినవి. ఇందుకు కారణములు రెండు. అందరికి చాలినన్ని వచ్చువరకు ఆగి, ఒక్కమారే దేశమంతటికి వేయవలెనని వైద్యమంత్రుల పట్టు. ముందు ఎవరికి, వెనుక ఎవరికి అన్న తగవు అప్పుడు పుట్టదు. రెండవ కారణము పంచాంగము. ఫిబ్రవరి నడుమనుండి మార్చి నడుమవరకు గల మాసము శుభకార్యములకు తగదని మఠాధికారులు చెప్పిరి.

ఈ పంచాంగమును గూర్చి తెలుగువారు ఒకమాట తెలిసికొనదగును. భూటాను తిథిగణనము కాలచక్రతంత్రము ననుసరించునది. మన పంచాంగములలో తిథి వృద్ధియు క్షయమును ఉన్నట్లే వారి మాసములలోను కొన్ని దినములు రెండుమారులు వచ్చును, కొన్ని లోపించును. ఆ కాలచక్రతంత్రమును బుద్ధుడు ధాన్యకటక మహాచైత్యముకడ ఉపదేశించెనని వజ్రయాన సంప్రదాయము చెప్పును. ధాన్యకటకమనగా కృష్ణాతీరమున మన అమరావతియే. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్రదీక్ష యిచ్చినపుడు హిమాలయప్రాంతములనుండి వచ్చిన భక్తజనమును చూచినవారు తెలుగునాట ఇంకను ఎందరో కలరు. టీకాకు ముహూర్తము పెట్టిన గణితము మూలము కృష్ణాతీరమునకు చెందినదని ఆ సంప్రదాయమువారి నమ్మకము. చారిత్రకులు దీనిని అంగీకరింపకపోవచ్చును. నమ్మకము నమ్మకముగా నిలిచియే యున్నది.

మార్చి 22న మరి 4,00,000 టీకాలు భారతదేశమునుండి చేరెను. 27వ తేదీ ఉదయము 9 గంటల 30 నిమిషములకు, మంత్రపఠనము జరుగుచుండగా, కోతి సంవత్సరమున పుట్టిన ఒక స్త్రీకి కోతి సంవత్సరమున పుట్టిన మరియొక స్త్రీ తొలి టీకా వేసెను. శాస్త్రమున ముహూర్తమునకు స్థానమెక్కడ అని నవ్వువారు నవ్వవచ్చును. కాని టీకాను గూర్చి అనుమానపడు వృద్ధురాలికి వైద్యుని మాటకంటె గురువు మాట దగ్గర. ఆ రెండు మాటలును ఒక్కటియైనపుడు ఆమె చేయి చాచును. ఇతరదేశములలో మతపెద్దలు కొందరు ఒకవైపు, వైద్యులు మరియొకవైపు లాగగా ఎందరు ప్రాణములు పోగొట్టుకొనిరో తెలిసినవారు ఈ ముహూర్తమును చిన్నచూపు చూడరు.

దేశమంతటను సుమారు 1,200 చోట్ల టీకా వేసిరి. పాఠశాలలు, మఠములు, పంచాయతీ కచేరీలు టీకాశాలలైనవి. ఉత్తరపు మంచుకనుమల నడుమనున్న లునానా ప్రాంతమునకు రోడ్డు లేదు. హెలికాప్టరు దించినచోటినుండి వైద్యసేవకులు మంచులోను, మంచుగడ్డలపైనను టీకాపెట్టెలు మోసికొని, ఊరినుండి ఊరికి నడచి పోయిరి. ఏప్రిల్ రెండవవారము ముగియునప్పటికి అర్హులైన పెద్దలలో నూటికి 93 మందికి, అనగా మొత్తము జనాభాలో నూటికి 60 మందికి పైగా మొదటి టీకా పడినది. లోకమున ధనవంతమైన దేశములు చాలవరకు ఆనాటికి ఆ లెక్కకు చేరలేదు. దేశము చిన్నదగుటచే సాధ్యమైనదందురు. నిజమే, కొంతవరకు. లునానాకు నడచినవారి కాళ్లకు మాత్రము దేశము చిన్నదిగా తోచియుండదు.

అసలు పరీక్ష అప్పుడు మొదలైనది. మొదటి టీకా వేసిన 12 నుండి 16 వారములలోగా రెండవది వేయవలెను. ఏప్రిల్ మాసముననే భారతదేశమున రెండవ ఉప్పెన విరుచుకుపడెను. ఢిల్లీలో ప్రాణవాయువు లేక జనులు ఆసుపత్రుల వాకిళ్లలో పడిపోయిన ఆ దినములు కేంద్రప్రభుత్వోద్యోగుల కుటుంబములు మరచినవి కావు. ఎన్నో కార్యాలయములలో బల్లలు ఖాళీయైనవి. టీకాల ఎగుమతి ఆగిపోయెను. కానుకయిచ్చిన యింటనే కరవు వచ్చినపుడు అడుగుటకు నోరాడదు. భూటాను నిష్ఠూరమాడలేదు. ఏప్రిల్ చివరిదినములలో, సంద్రుప్ జోంఖర్ జిల్లాయందలి మోటాంగా కర్మాగారమునుండి అస్సామునకు ద్రవప్రాణవాయువు పంపెదమని ప్రకటించెను. అది దినమునకు 40 టన్నుల లెక్క. ఒక చిన్న పొరుగుదేశము చేయగల సహాయము అది.

వ్యవధి తరుగుచుండెను. దేశమున దాదాపు పెద్దలందరును ఒక్క టీకాతో నిలిచిరి. ప్రధానియు మంత్రులును కనబడిన ప్రతిదేశమును అర్థించిరి. జూలైలో ఫలము కనబడెను. అమెరికానుండి 5,00,000 మోడర్నా టీకాలు వచ్చెను. డెన్మార్కునుండి 2,50,000 ఆస్ట్రాజెనెకా టీకాలు చేరెను. క్రొయేషియా, బల్గేరియాలును కొన్ని పంపెను. చైనానుండియు కొన్ని వచ్చెను. మొదట ఒక జాతి టీకా వేసి, రెండవమారు వేరొక జాతిది వేయవచ్చునా అన్న ప్రశ్నకు ఆనాటికి లోకమున తగినంత అనుభవము లేదు. ఐరోపాలో అప్పుడప్పుడే పరిశోధనలు వెలువడుచుండెను. భూటాను వైద్యులు వానిని చదివి, సాహసించి, జూలై 20న రెండవ విడత ప్రారంభించిరి. ఒక్కవారములో అర్హులలో నూటికి 90 మందికి అది ముగిసెను. ఒక చిన్న దేశము దేశమునంతటిని ఒకే నిర్ణయముపై నిలిపినది. అది ఫలించినది గనుక నేడు ప్రశంస. వికటించియుండినచో ఆ మంత్రులు వైద్యులగుటయే వారి నేరముగా పరిణమించెడిది.

ఇంత జరుగుచుండగా రాజు నెలల తరబడి సరిహద్దుల వెంట తిరిగెను. 2021 జూనులో అయిదుదినములు వానలో నడచి, 4,343 మీటర్ల ఎత్తున గల కనుమను దాటి, దూరపు గ్రామములలోని ఆరోగ్యసేవకులను కలిసికొనెను. థింఫూకు మరలినపుడెల్ల అందరివలె తానును క్వారంటైనులో నుండెడివాడు. ఫుంత్షోలింగ్ వారికి తప్పని నియమము రాజునకును తప్పదని వారు కన్నులార చూచిరి.

2021 చివరకు దేశమున వ్యాధి సోకినవారి సంఖ్య మూడువేలలోపు. మరణములు చేతివ్రేళ్లపై లెక్కింపదగినన్ని. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చెను. దానిముందు ద్వారము పనిచేయలేదు, చీటీలు పనిచేయలేదు. థింఫూ, పునాఖా మొదలగు పట్టణములలో మరల వారములతరబడి లాక్‌డౌనులు విధించిరి. ఈ చివరి లాక్‌డౌనులు అవసరమా అని ఆ దేశమునందే ప్రశ్నించినవారు కలరు. వారి ప్రశ్న నిరాధారము కాదు. టీకాలు వేసికొన్న ప్రజలకు అప్పటికి వ్యాధిభయము తగ్గి, ఉపాధిభయము పెరిగెను. ఏప్రిలునుండి ప్రభుత్వమే నియమములను సడలింపసాగెను. వ్యాధి ఇల్లిల్లు తిరిగెను. మొత్తము లెక్క 62,000 దాటెను. అనగా పన్నెండుమందిలో ఒకరికి సోకినట్లు నమోదైనది, నమోదుకానివారు వేరు. మరణములు 21.

ద్వారము వ్యాధిని అడ్డగింపలేదు, ఆలస్యము చేసినది. ఆ రెండు సంవత్సరముల ఆలస్యమున టీకా వచ్చినది. 2020లో వచ్చియుండిన వ్యాధి 337 మంది వైద్యులు గల దేశమును ఏమి చేసియుండెడిదో ఊహింపవచ్చును. అయితే ఆలస్యమునకు మూల్యము కలదు. 2020లో దేశపు ఆదాయము నూటికి 10 వంతులు పడిపోయెను. యాత్రికుల వ్యాపారము పూర్తిగా నశించెను. రెండుసంవత్సరములు బిడ్డలు టెలివిజను ముందు కూర్చుండి పాఠములు విన్నారు, టెలివిజను లేనివారు వినలేదు. దారులు తెరచుకొనగనే యువకులు వేలసంఖ్యలో ఆస్ట్రేలియాకు పోవుట ప్రారంభించిరి. టీకాపెట్టెలు మోసిన ఆసుపత్రి నర్సులును, పాఠశాలల ఉపాధ్యాయులును, కచేరీల ఉద్యోగులును వారిలో ఉండిరి. 2023 నవంబరు 30న జరిగిన ఎన్నికల తొలివిడతలోనే లోటే షెరింగ్ పక్షము ఓడిపోయెను. లోకమంతయు మెచ్చిన ప్రభుత్వమును ఆ దేశపు ప్రజలు రెండవ విడతకైనను పంపలేదు. వ్యాధినుండి కాపాడినందుకు వారు కృతఘ్నులైరని అనుకొనరాదు. ఎన్నికలనాటికి వారి యిండ్లలోని ప్రశ్న వేరు. కొడుకు విమానమెక్కి పోవుచుండెను.

2022 సెప్టెంబరు 23న ఫుంత్షోలింగ్ ద్వారము తెరచిరి. రెండున్నర సంవత్సరములు మూతబడియున్న జైగావ్ దుకాణములు కొన్ని అప్పటికి శాశ్వతముగా మూతబడినవి, కొన్ని దుమ్ము దులుపుకొని తెరచుకొన్నవి. కూలివారు మరల ప్రొద్దుట ఆవలికి పోసాగిరి. పూర్వము మన యాత్రికులు ఆ దేశమున ఏ సుంకమును ఈయనక్కరలేదు. సరిహద్దు పట్టణము దాటి రాత్రి బసచేయు భారతీయుడు ఆనాటినుండి తలకు రాత్రికి 1,200 రూపాయలు చెల్లింపవలసివచ్చెను.